ఎక్సెల్ చాలనప్పుడు: వ్యాపారానికి నో-కోడ్ డేటాబేస్ ఎంచుకోవడం, పెట్టుకోవడం

"ఏ యాప్ తీసుకోమంటారు?" రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపు నడిపేవాళ్లయినా, జీడిమెట్లలో చిన్న యూనిట్ ఉన్నవాళ్లయినా ముందు అడిగేది ఇదే. నో-కోడ్ డేటాబేస్ అంటే ప్రోగ్రామింగ్ రాకపోయినా, సమాచారాన్ని ఒకదానితో ఒకటి కలిపిన పట్టికలుగా (టేబుళ్లుగా) పెట్టుకునే యాప్. ఈ గైడ్‌లో యాప్ ఎంపిక ఐదో అడుగు. దానికి ముందున్న నాలుగూ కాగితం, పెన్ను పట్టుకుని చేసే పనులు. ఆ నాలుగూ సరిగ్గా జరిగితే చాలా యాప్‌లు సరిపోతాయి. జరగకపోతే నెలనెలా డబ్బు కట్టి ఇంకో ఎక్సెల్ షీటు కొన్నట్టే.

గైడ్ అంతా ఒకే ఉదాహరణ వాడదాం. కూకట్‌పల్లిలో ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫైయర్లు అమ్మి, సర్వీసు చేసే షాపు ఒకటి ఉందనుకోండి. యజమాని, కౌంటర్ దగ్గర ఒకమ్మాయి, నలుగురు టెక్నీషియన్లు. కస్టమర్ల వివరాలు ఎక్సెల్‌లో ఉంటాయి, ఏఎంసీలు (ఏడాది సర్వీసు కాంట్రాక్టులు) రిజిస్టర్‌లో ఉంటాయి, ఇవాళ ఎవరు ఎక్కడికి వెళ్లాలో వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. మీ వ్యాపారం టెంట్ హౌస్ అయినా, కోచింగ్ సెంటర్ అయినా పేర్లు మారతాయి, పద్ధతి మారదు.

1. అసలు అవసరం ఉందా?

కింది వాటిలో మీకు వర్తించేవాటికి టిక్ పెట్టండి.

☐ ఒకే కస్టమర్ ఫోన్ నంబరు రెండు మూడు చోట్ల ఉంది. ఒకచోట మారిస్తే మిగతాచోట్ల మారదు.
☐ ఒకే సమయంలో ముగ్గురు నలుగురు ఎంట్రీలు వేయాల్సి వస్తోంది.
☐ "పోయినసారి ఏ పార్టు మార్చారు?" అని కస్టమర్ అడిగితే టెక్నీషియన్‌కు ఫోన్ చేయాల్సి వస్తోంది.
☐ సర్వీసు తేదీ దాటిపోయిందని మీకంటే ముందు కస్టమర్‌కే తెలుస్తోంది.

ఒక్కదానికే టిక్ పడితే గూగుల్ షీట్ చాలు, ఇక్కడితో ఆగిపోవచ్చు. రెండు, అంతకంటే ఎక్కువ పడితే ముందుకు వెళ్లండి.

ఒక గీత ఇప్పుడే గీసుకోండి. జీఎస్టీ ఇన్వాయిస్‌లు, లెడ్జర్, రిటర్నులు ట్యాలీలోనో, మీరు వాడుతున్న ఇంకో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో ఉండనివ్వండి. వాటిని నో-కోడ్ డేటాబేస్‌లోకి లాగితే మీ ఆడిటర్‌తో రోజూ గొడవే. డేటాబేస్‌లో ఇన్వాయిస్ నంబరు రాసే ఫీల్డ్ (కాలమ్) ఒకటి ఉంటే సరిపోతుంది.

2. ముందు ప్రశ్నలు రాయండి

డేటాబేస్ ఏయే ప్రశ్నలకు జవాబు చెప్పాలో ఒక కాగితం మీద రాయండి. "అన్నీ ఒకేచోట ఉండాలి" అన్నది కోరిక, దాన్నుంచి టేబుల్ పుట్టదు. ప్రశ్నలు ఇలా ఉండాలి:

☐ వచ్చే వారం ఎవరెవరికి సర్వీసు చేయాలి?
☐ ఈ నెలలో ఎవరి ఏఎంసీ అయిపోతోంది?
☐ ఈ మెషిన్‌లో మెంబ్రేన్ చివరిసారి ఎప్పుడు మార్చాం?
☐ ఏ టెక్నీషియన్ చేతిలో ఏ పార్టులు ఉన్నాయి?
☐ ఎవరి దగ్గర ఎంత బాకీ ఉంది?

కౌంటర్‌లో కూర్చునేవాళ్లను, టెక్నీషియన్లను కూడా అడగండి. యజమాని రాసే ప్రశ్నలు ఎక్కువగా డబ్బు చుట్టూ తిరుగుతాయి. టెక్నీషియన్‌ను అడిగితే "గేటు దగ్గర సెక్యూరిటీకి ఏ బ్లాక్ పేరు చెప్పాలి?" అంటాడు. ఆ ఫీల్డ్ లేకపోతే అతను మీ యాప్‌ను పక్కనపెట్టి మళ్లీ వాట్సాప్‌కే వెళ్తాడు.

3. దేనికి సొంత టేబుల్ ఇవ్వాలి?

గైడ్ మొత్తంలో అసలైన పని ఇదే. దీనికి సగం రోజు కేటాయించినా తప్పు లేదు.

నియమం చిన్నది: ఒక టేబుల్‌లో ఒకే రకం విషయం ఉండాలి, ఒక వరుస ఒకే ఒక్కదాని గురించి చెప్పాలి. వినడానికి సులువే, అమలులోనే తడబడతారు. ఎక్సెల్ అలవాటు కొద్దీ చాలామంది "కస్టమర్లు" అని ఒక షీటు తెరిచి పేరు, ఫోన్, అడ్రస్, మెషిన్ మోడల్, కొన్న తేదీ, ఏఎంసీ తేదీ, సర్వీసు-1, సర్వీసు-2, సర్వీసు-3 అని కాలమ్‌లు పెంచుకుంటూ పోతారు. "సర్వీసు-4" కాలమ్ కావాల్సి వచ్చిందంటే ఆ డిజైన్ తప్పని అర్థం. నంబర్లతో పెరిగే కాలమ్‌లు కనిపిస్తే అక్కడ వేరే టేబుల్ ఉండాలి.

మన షాపునే తీసుకోండి. కస్టమర్, మెషిన్ ఒకటే వరుసలో ఉంటే ఏమవుతుంది? కేపీహెచ్‌బీలో అద్దెకున్న కుటుంబం మియాపూర్‌కు మారుతుంది. మెషిన్ వాళ్లదైతే వెంట తీసుకెళ్తారు. ఇంటి ఓనర్‌దైతే అది ఫ్లాట్‌లోనే ఉండిపోయి కొత్త అద్దెదారు వాడతాడు. రెండో సందర్భంలో పాత పేరు చెరిపి కొత్త పేరు రాస్తే, ఆ మెషిన్‌కు చేసిన సర్వీసులన్నీ కొత్తవాళ్ల పేరు మీదికి వెళ్లిపోతాయి. పాత కస్టమర్ మూడు నెలల తర్వాత ఫోన్ చేస్తే ఆయన రికార్డే ఉండదు. అందుకే మెషిన్‌కు సొంత టేబుల్, సొంత నంబరు. "ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది" అనేది కస్టమర్‌కు ఒక లింక్ మాత్రమే. విజిట్ జరిగిన రోజు మెషిన్‌తో పాటు అప్పటి కస్టమర్‌ను కూడా విజిట్ రికార్డులో లింక్ చేస్తే, తర్వాత మెషిన్ ఎన్ని చేతులు మారినా చరిత్ర చెదరదు.

ఏఎంసీ కూడా అంతే. దాన్ని మెషిన్ వరుసలో ఒక తేదీగా పెడితే, ఏటా రెన్యువల్ చేసినప్పుడు పాత తేదీ చెరిగిపోతుంది. "ఈయన మనతో ఎన్నేళ్లుగా ఉన్నాడు, పోయినేడు ఎంత కట్టాడు" అంటే జవాబు దొరకదు. ఏటా ఒక కొత్త ఏఎంసీ రికార్డు ఉండాలి.

చివరికి మన షాపుకు తేలే టేబుళ్లు ఇవి:

- కస్టమర్లు: మనిషి లేదా అపార్ట్‌మెంట్ సంఘం
- మెషిన్లు: ఒక్కో యూనిట్‌కు ఒక వరుస
- ఏఎంసీలు: ఒక్కో కాంట్రాక్టుకు ఒక వరుస
- విజిట్లు: టెక్నీషియన్ వెళ్లిన ప్రతిసారీ ఒక వరుస
- పార్టులు: మెంబ్రేన్, సెడిమెంట్ ఫిల్టర్, పంపు వంటివాటి జాబితా
- విజిట్‌లో వాడిన పార్టులు: ఏ విజిట్‌లో ఏ పార్టు, ఎన్ని, ఎంత ధరకు
- స్టాఫ్

చివర్నుంచి రెండోది చాలామంది వదిలేస్తారు. ఒక విజిట్‌లో మూడు పార్టులు మారవచ్చు, ఒకే రకం పార్టు వందల విజిట్లలో వాడతారు. ఇలాంటి చోట రెండు టేబుళ్ల మధ్య మూడోది తప్పదు. ధర కూడా అక్కడే, అమ్మిన రోజు ధరగా, అంకె రూపంలో నిలిచిపోవాలి. పార్టుల టేబుల్ నుంచి లుకప్‌తో (వేరే టేబుల్‌లోని విలువను తెచ్చి చూపించే ఫీల్డ్‌తో) ధర చూపిస్తే, రేపు మెంబ్రేన్ రేటు పెంచగానే పోయినేడాది బిల్లులు కూడా పెరిగినట్టు కనిపిస్తాయి.

స్టాకు విషయంలోనూ ఇదే జాగ్రత్త. "పంపులు: 14" అని ఒక అంకె పెట్టి దాన్ని రోజూ దిద్దొద్దు. వచ్చినవి ఒక ఎంట్రీ, పోయినవి ఒక ఎంట్రీ, మిగిలింది ఫార్ములా లెక్కేస్తుంది. తేడా వచ్చినప్పుడు ఎక్కడ వచ్చిందో పట్టుకోవాలంటే వేరే దారి లేదు.

కాగితం మీద పెట్టెలు గీసి, గీతలతో కలిపి, రెండో అడుగులో రాసిన ప్రతి ప్రశ్నకూ వేలితో దారి చూపించండి. దారి తెగిన చోట లింక్ గానీ, టేబుల్ గానీ తక్కువైందని అర్థం.

4. ఫీల్డులు ఎలా పెట్టాలి?

ప్రతి టేబుల్‌కూ ఒక తిరుగులేని గుర్తింపు కావాలి: సి-0001, ఎం-0001 లాంటిది. పేరును గుర్తింపుగా వాడొద్దు. హైదరాబాద్‌లో ఏ కస్టమర్ జాబితా తీసినా శ్రీనివాస్‌లు పది మంది దొరుకుతారు. పేరు ఆధారంగా లింక్ చేస్తే వాళ్లందరూ ఒకే మనిషిగా కలిసిపోతారు.

- ఫోన్ నంబరు: టెక్స్ట్ లేదా ఫోన్ ఫీల్డ్. నంబర్ ఫీల్డ్ వద్దు, దానితో కూడికలు చేయం కదా. ఒక ఇంటికి రెండు ఫోన్లుంటాయి కాబట్టి రెండోదానికీ చోటివ్వండి.
- ఏరియా: డ్రాప్‌డౌన్. టైపు చేయనిస్తే కేపీహెచ్‌బీ, కెపిహెచ్‌బి, హౌసింగ్ బోర్డు అని మూడు ఏరియాలు తయారవుతాయి.
- స్టేటస్: డ్రాప్‌డౌన్, ఐదుకు మించకుండా. ఫిక్స్ అయింది, పూర్తయింది, కస్టమర్ లేరు, వాయిదా, రద్దు చాలు.
- జీఎస్టీ నంబరు: 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్ర కోడ్, తెలంగాణకు 36. అక్షరాల సంఖ్య తప్పితే హెచ్చరిక చూపే ఫార్ములా పెట్టండి.
- తేదీ: తేదీ ఫీల్డే. "దసరా తర్వాత" అని రాసుకోవాలంటే పక్కన రిమార్కులు ఉన్నాయి.

ఆధార్ ఫోటోలు, పుట్టినరోజులు "పనికొస్తాయేమో" అని తీసుకోవద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం ఏ పనికి తీసుకుంటున్నారో ఆ పనికి అవసరమైనంత డేటాయే తీసుకోవాలి. పైగా మీ దగ్గర లేని డేటా లీక్ కాదు.

5. ఇప్పుడు యాప్ ఎంచుకోండి

ముందు లెక్క వేయండి. 400 కస్టమర్లు, 450 మెషిన్లు, 300 ఏఎంసీలు, మెషిన్‌కు ఏడాదికి 3 విజిట్లంటే 1,350, విజిట్‌కు రెండు పార్టులనుకుంటే 2,700. మొదటి ఏడాదికే 5,200 రికార్డులు. మూడేళ్లకు 14 వేల దాకా వెళ్తుంది. ఈ అంకె చేతిలో పెట్టుకుని ప్లాన్లు చూడండి.

ఎయిర్‌టేబుల్: వాడటానికి తేలిక, లింకులు, వ్యూలు (ఒకే టేబుల్‌ను అవసరాన్ని బట్టి చూపించే తెరలు) చక్కగా ఉంటాయి. ఉచిత ప్లాన్‌లో ఒక బేస్‌కు (ఒక డేటాబేస్‌కు) 1,000 రికార్డులు, అవి అన్ని టేబుళ్లకూ కలిపి. మన షాపుకు కొన్ని వారాలు కూడా రావు. పైన ఉన్న టీమ్ ప్లాన్‌లో 50,000. మనిషికి ఇంత అని డాలర్లలో కట్టాలి. కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, బ్యాంకు మార్పిడి ఛార్జీ అదనం. విదేశీ కంపెనీ నుంచి తీసుకునే సేవ కాబట్టి రివర్స్ ఛార్జ్ జీఎస్టీ (అమ్మేవాళ్లకు బదులు కొనేవాళ్లే కట్టే పన్ను) గురించి ముందే ఆడిటర్‌తో మాట్లాడండి.

జోహో క్రియేటర్: చెన్నై కంపెనీ, రూపాయల్లో బిల్లు, జీఎస్టీ ఇన్వాయిస్ వస్తుంది. ఫారాలు, అనుమతులు గట్టిగా ఉంటాయి. నేర్చుకోవడానికి ఎయిర్‌టేబుల్ కంటే ఎక్కువ సమయం పడుతుంది.

గూగుల్ యాప్‌షీట్: గూగుల్ షీట్ మీద యాప్ కట్టుకోవచ్చు. ఫోన్‌లో ఇంటర్నెట్ లేకపోయినా ఎంట్రీలు వేసి, సిగ్నల్ రాగానే పంపేలా పెట్టుకోవచ్చు. టెక్నీషియన్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో పనిచేసే వ్యాపారాలకు ఇది చిన్న విషయం కాదు. చూడటానికి అంత అందంగా ఉండదు, అంతే.

నోకోడీబీ, బేస్‌రో: మీ సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. మనిషికి ఇంత అన్న బాధ తగ్గుతుంది. కానీ సర్వర్ అద్దె, అప్‌డేట్లు, బ్యాకప్ మీ నెత్తిన పడతాయి. రాత్రి పది గంటలకు సర్వర్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారో పేరు చెప్పగలిగితేనే ఇటు రండి. "మా బావమరిది సాఫ్ట్‌వేరే" అన్నది జవాబు కాదు, ఆయన రేపు బెంగళూరు వెళ్లిపోతాడు.

మన ఆర్‌ఓ షాపుకైతే నా ఓటు యాప్‌షీట్ లేదా జోహో క్రియేటర్‌కే. అందరూ కంప్యూటర్ ముందే కూర్చునే ఆఫీసైతే ఎయిర్‌టేబుల్ అంటాను.

ఏదైనా డబ్బు కట్టే ముందు ఈ పరీక్షలు చేయండి:

☐ 20 నిజమైన రికార్డులు ఎక్కించి, రెండో అడుగులోని ప్రశ్నలకు జవాబు రాబట్టారా?
☐ చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద టెక్నీషియనే స్వయంగా ఒక విజిట్ ఎంట్రీ వేశాడా?
☐ తెలుగులో టైపు చేసిన పేరును సెర్చ్ చేస్తే దొరికిందా?
☐ మొత్తం డేటాను బయటికి దించుకోగలిగారా?
☐ ఇంకో ముగ్గురు యూజర్లు పెరిగితే నెలకు ఎంతవుతుందో లెక్కేశారా?

రెండో పరీక్షలో ఫెయిలైతే మిగతావి చూడక్కర్లేదు.

6. పాత డేటా శుభ్రం చేయడం

ఓపిక ఇక్కడే కావాలి. అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా కాపీ తీసి, దాని మీదే పనిచేయండి.

ఎక్సెల్ చేసే అల్లరి ముందు చూడండి. 91తో మొదలయ్యే ఫోన్ నంబరు 9.19E+11 లాగా మారి ఉండొచ్చు. కాలమ్ ఫార్మాట్ మారిస్తే అది తిరిగి వస్తుంది. కానీ 15 అంకెలు దాటిన సీరియల్ నంబర్లను నంబరుగా సేవ్ చేసి ఉంటే చివరి అంకెలు సున్నాలైపోతాయి, అవి ఇక రావు. వాటిని మెషిన్ మీది స్టిక్కర్ చూసి మళ్లీ ఎక్కించాల్సిందే. సీరియల్‌కు ముందున్న సున్నాలు ఎగిరిపోయాయేమో కూడా చూడండి.

తేదీల దగ్గర ఇంకా ప్రమాదం. 03/04/2025 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కు మార్చి 4. 12 దాటిన తేదీలు ఎర్రర్ ఇస్తాయి కాబట్టి దొరుకుతాయి, 12 లోపువి చప్పుడు లేకుండా తప్పుగా దిగుతాయి. ఎక్కించే ముందు అన్నిటినీ 2025-04-03 రూపంలోకి మార్చండి.

తెలుగులో ఉన్న డేటాకు రెండు పరీక్షలు. పాత ఫైళ్లు "అను" అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైపు చేసినవైతే ఆ ఫాంట్ లేనిచోట అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, ముందు యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు సరిగ్గా కనిపించే పద్ధతిలోకి) మార్చాలి. యూనికోడే అయితే ఫైల్‌ను "సీఎస్‌వీ యూటీఎఫ్-8"గా సేవ్ చేయాలి (సీఎస్‌వీ అంటే విలువలను కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్). మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

ఇక డూప్లికేట్లు. ముందు ఫోన్ నంబరుతో సార్ట్ చేసి ఒకే నంబరున్నవి చూడండి. తర్వాత ఏరియా, ఫ్లాట్ నంబరుతో సార్ట్ చేయండి. భర్త నంబరుతో ఒకటి, భార్య నంబరుతో ఇంకొకటి ఉన్న ఇళ్లు అప్పుడు బయటపడతాయి. ఏది ఉంచాలో కంప్యూటర్‌కు వదలొద్దు, కౌంటర్‌లో కూర్చునే మనిషికి అడ్రస్ చూడగానే తెలుస్తుంది.

మూడేళ్లుగా పలకని కస్టమర్లను ఎక్కించక్కర్లేదు. పాత ఎక్సెల్‌ను భద్రంగా ఉంచండి, వాళ్లు ఫోన్ చేసిన రోజు ఎక్కించుకోవచ్చు.

7. ఎక్కించే వరుస

లింక్ దేనివైపు చూపిస్తుందో అది ముందు ఉండాలి. వరుస: స్టాఫ్, పార్టులు, కస్టమర్లు, మెషిన్లు, ఏఎంసీలు, విజిట్లు, వాడిన పార్టులు.

ప్రతి టేబుల్‌కూ ముందు పది వరుసలే ఎక్కించి, లింకులు సరిగ్గా కలిశాయో చూసి, చెరిపేసి, మొత్తం ఎక్కించండి. తర్వాత ఎక్సెల్ వరుసల సంఖ్య, డేటాబేస్ రికార్డుల సంఖ్య సరిపోల్చండి. మెషిన్ల టేబుల్‌లో "కస్టమర్ ఖాళీ" అని ఫిల్టర్ పెట్టండి. అక్కడ కనిపించేవన్నీ తెగిన లింకులు.

8. ఎవరికి ఏం కనిపించాలి?

టెక్నీషియన్‌కు ఇవాళ్టి తన విజిట్లు, అడ్రస్, పోయినసారి మార్చిన పార్టులు చాలు. కౌంటర్‌కు రేపటి షెడ్యూల్, ఏఎంసీ గడువులు. యజమానికి బాకీలు.

కాలమ్‌ను దాచడం రక్షణ అనుకోవద్దు. చాలా యాప్‌లలో వ్యూలో దాచిన ఫీల్డ్‌ను ఎడిటర్ యాక్సెస్ ఉన్నవాళ్లు రెండు క్లిక్‌లలో చూసేయొచ్చు. పర్మిషన్ల స్థాయిలోనే ఆపాలి. డిలీట్ చేసే హక్కు ఇద్దరికి మించి వద్దు, మిగతావాళ్లు "రద్దు" స్టేటస్ పెడతారు.

అకౌంట్ ఓనర్‌గా షాపు ఈమెయిల్ ఉండాలి. యాప్ కట్టిన కుర్రాడి సొంత జీమెయిల్ మీద ఉంటే, అతను మానేసిన రోజు టెన్షన్ మీదే.

విజిట్ ఫారంలో నింపాల్సినవి ఆరేడుకు మించకూడదు: మెషిన్, స్టేటస్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) రీడింగ్, మార్చిన పార్టులు, తీసుకున్న డబ్బు, ఫోటో. టెక్నీషియన్ చేతులు తడిగా ఉంటాయి, తొందరలో ఉంటాడు. టైపింగ్ తగ్గించి ట్యాప్ పెంచండి.

9. ఆటోమేషన్

మొదటి నెల ఏదీ పెట్టొద్దు. డేటా సరిగ్గా పడుతోందని తేలాక ఒక్కటి పెట్టండి: పొద్దున 8 గంటలకు ఏడు రోజుల్లో గడువున్న సర్వీసుల జాబితా కౌంటర్‌కు ఈమెయిల్‌గా వెళ్లాలి.

"తర్వాతి సర్వీసు తేదీ" ఫార్ములాలో స్టేటస్ "పూర్తయింది" ఉన్న విజిట్లనే లెక్కలోకి తీసుకోండి. లేకపోతే తాళం వేసి ఉన్న ఇంటికి వెళ్లివచ్చినా సర్వీసు అయిపోయినట్టే తేదీ ముందుకు జరుగుతుంది.

కస్టమర్లకు నేరుగా మెసేజ్‌లు పంపాలంటే ఎస్సెమ్మెస్‌కు డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (టెలికం కంపెనీల దగ్గర మెసేజ్ పంపేవాళ్ల నమోదు), టెంప్లేట్ ఆమోదం కావాలి. వాట్సాప్‌కు బిజినెస్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజ్‌లు పంపే అధికారిక దారి), అక్కడా టెంప్లేట్ ఆమోదం ఉంటుంది. మామూలు నంబరు నుంచి అనధికార టూల్‌తో గుత్తగా పంపితే నంబరే బ్లాక్ అవ్వొచ్చు.

10. మారే రోజు

పెళ్లిళ్ల వ్యాపారమైతే ముహూర్తాల మధ్య, ఆర్‌ఓ షాపైతే ఎండాకాలం రాకముందు మారండి. రెండు వారాలు పాతదీ కొత్తదీ కలిపి నడపండి, అంతకు మించి వద్దు. రెండుచోట్ల రాయడం ఎవరికైనా విసుగే, చివరికి రెండూ సగం సగం ఉంటాయి. ఒక తేదీ చెప్పి, ఆ రోజు పాత షీటును "చూడటానికి మాత్రమే"గా మార్చేయండి. వాట్సాప్ గ్రూపులో పని అప్పజెప్పడం యజమానే ముందు మానాలి. ఆయన మెసేజ్ పెడుతున్నంతకాలం టెక్నీషియన్లు యాప్ తెరవరు.

11. బ్యాకప్

☐ వారానికోసారి ప్రతి టేబుల్‌నూ సీఎస్‌వీగా దించి వేరేచోట పెట్టాలి.
☐ ఫోటోలు వేరుగా దించాలి. సీఎస్‌వీలో చాలావరకు ఫోటో ఉండదు, దాని లింక్ మాత్రమే ఉంటుంది. ఎయిర్‌టేబుల్‌లో ఆ లింకులు కొన్ని గంటల్లోనే చెల్లకుండా పోతాయి.
☐ మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి ఒక టేబుల్‌ను మళ్లీ ఎక్కించి చూడాలి.

12. పని ఆగినప్పుడు

ఎంట్రీలు పడట్లేదు: ఫారం పొడవు చూడండి. సగం ఫీల్డులు తీసేసి వారం గమనించండి. మందలింపు తర్వాత సంగతి.

ఒకే కస్టమర్ రెండుసార్లు వస్తున్నారు: కొత్త కస్టమర్‌ను చేర్చే హక్కు కౌంటర్‌కే ఇవ్వండి. ముందు ఫోన్ నంబరు వెతికాకే కొత్త రికార్డు.

యాప్ నెమ్మదించింది: పాత విజిట్లు చూపించే వ్యూలకు "ఈ 90 రోజులు" ఫిల్టర్ పెట్టండి. గొలుసుకట్టు ఫార్ములాలు, రోలప్‌లు (లింక్ అయిన రికార్డులను కలిపి లెక్కేసే ఫీల్డులు) ఎక్కువైతే కూడా ఇలాగే అవుతుంది.

లెక్కల్లో తేడా: రోలప్‌లో రద్దయినవి కలుస్తున్నాయేమో ముందు చూడండి. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

కొత్త కాలమ్ కావాలని రోజూ ఎవరో అడుగుతున్నారు: టేబుళ్లు, ఫీల్డులు మార్చే హక్కు ఒక్కరికే ఉంచండి. అడిగినవన్నీ ఒక చీటీ మీద రాసి నెలకోసారి కూర్చోండి. అప్పటికి సగం మంది తాము అడిగిందే మర్చిపోతారు.